కౌజు పిట్ట మూడో కాలు

ఇందుమూలంగా మా ఇంటివాళ్లకు, వాడకట్టువాళ్లకు, చాయ్ తాగడానికి మాత్రమే మా ఇంటికి వచ్చే చుట్టాలకు తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి ఉప్పు డబ్బా పొయ్యికి కుడివైపునే ఉండును. చాయ్‌లో అల్లం వేయబడదు. చీపురును నిలబెట్టవలెనా, పడుకోబెట్టవలెనా అని పంతొమ్మిదేళ్లుగా నడుస్తున్న తగాదాలో తీర్పు నాకు అనుకూలంగా వచ్చినది. ఈ తీర్మానాల మీద అభ్యంతరం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నల్లగొండ దవాఖానలో కన్ను మూసింది. కాబట్టి నేను గెలిచాను. గెలిచిన మనిషి ఇంట్లో ఏ మూల కూర్చోవాలో తెలియక ఇది రాస్తున్నాను.

ఆమె మా బావ భార్య. నాకు యారాలు, అంటే తోటికోడలు. ఆ ఇంటికి నాకంటే నాలుగేళ్ల ముందు వచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను చెల్లె అని పిలిచేది, కోపం వస్తే కోతి అనేది. చెల్లె అన్నదానికంటే కోతి అన్నదే ఎక్కువ, ఆ పేరుకు నేను తగినదాన్నే. నేను ఏడో తరగతి తప్పి బడి మానేసినదాన్ని. రాతలో తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

మాది మోత్కూరుకు బస్సులో అరగంట దూరం ఉన్న మగ్గాల ఊరు. మా చీరలు ఎట్లా తయారవుతాయో తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ వేస్తారు. బొమ్మ వేయడమంటే గడులు నింపడం. నింపిన గడి ఎక్కడ ఉందో చూసి, చాపలా సాగదీసిన నూలును సరిగ్గా అక్కడ పాత సైకిలు ట్యూబు పట్టీలతో బిగించి కడతారు. తర్వాత రంగులో ముంచుతారు. కట్టిన చోటికి రంగు ఎక్కదు. పట్టీలు విప్పి, ఎండబెట్టి, మగ్గం మీద నేస్తే అప్పుడు బొమ్మ బయటికి వస్తుంది. కాగితం మీద గీసిన మనిషికి తాను గీసింది ఏమైందో చూడడానికి నెల పడుతుంది, ఒక్కోసారి నెలన్నర. కాగితంలో ఒక గడి తప్పితే ఆ తప్పు ఒకచోట ఆగదు. ఆ నూలుతో నేసే ఏడు చీరల్లోనూ, ప్రతి బొమ్మలోనూ కూర్చుంటుంది. నూలుకు రంగు ఎక్కిన తర్వాత దేవుడు దిగివచ్చినా దిద్దలేడు.

కాగితం పని మగవాళ్లది. నూలు చుట్టడం, కట్టడం, విప్పడం ఆడవాళ్లవి. మా అక్క ఆ కాగితం పనిలోకి ఎట్లా వచ్చిందంటే, మా బావకు గడుల లెక్క కుదరక వచ్చింది. ఆయన చిలకను గీస్తే మగ్గం మీద కోడి లేచేది. ఒకరోజు ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, తోక దగ్గర రెండు గడులు ఖాళీగా వదిలితే రెక్క విడిగా కనిపిస్తుంది కదా అన్నది. వదిలి చూస్తే నిజంగానే చిలక ఎగిరింది. అప్పటి నుంచి గీసేది ఆమె, పేరు ఆయనది. బావ మంచివాడే. పేరు తనకు వచ్చినప్పుడు సిగ్గుపడేవాడు, కానీ కాదని చెప్పేవాడు కాదు.

ఆమెకు ముగ్గురు పిల్లలు. ఇద్దరు మగపిల్లలు, చివరిది ఆడపిల్ల. దాన్ని అందరం చిన్నది అనేవాళ్లం, పదహారేళ్లు వచ్చిన ఈ రోజుకు కూడా చిన్నదే. వంట, నీళ్లు, బట్టలు, నూలు పని అన్నీ అయిన తర్వాత, పిల్లలు మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఆమె పిండి డబ్బా మూత ఒళ్లో పెట్టుకుని, దాని మీద కాగితం పరిచి గీసేది. దూలానికి చీరతో కట్టిన తొట్టెల, ఆ తొట్టెలకు ఒక తాడు, ఆ తాడు కొస ఆమె కుడికాలి బొటనవేలికి. కాలు ఊపుతుంటే తొట్టెల ఊగేది. ఒళ్లంతా కదిలేటప్పుడు గడి నింపితే గీత పక్కకు పోతుంది. అందుకని తొట్టెల ఆ చివరికి పోయి, వెనక్కి రాబోయే ముందు ఒక్క లిప్తపాటు ఆగుతుందే, ఆ లిప్తలో పెన్సిలు కదిపేది. మళ్లీ ఆపేది. అట్లా గడి తర్వాత గడి. మన పెద్ద పెద్ద కళాకారులు గదిలో తలుపు వేసుకుని గీస్తారట. ఈమె బొటనవేలికి ఒక బిడ్డను కట్టుకుని గీసింది.

ఆమె లెక్క కూడా అదే. ఈ పువ్వుకు ఎన్ని రోజులు పట్టిందక్కా అంటే, మూడు నిద్రలు అనేది. ఈ అంచు ఒక నిద్ర. పిల్లకు పళ్లు వస్తున్నాయి కాబట్టి ఈ ఏనుగుకు తొమ్మిది నిద్రలు. మోత్కూరులో పుస్తకాల దుకాణం నడిపే భాయ్ గళ్ల కాగితాలు చుట్టి ఇస్తూ, మళ్లీ ఎప్పుడొస్తావమ్మా అని అడిగితే, ముప్పై నిద్రలు పడుతుంది భాయ్ అన్నది. ఆయన అర్థం కాక నా వైపు చూశాడు. నేను ఆమె వెనక నిలబడి తల దగ్గర వేలు తిప్పి చూపించాను, మా అక్కకు కొంచెం ఇది అని. ఊరు వచ్చేదాకా బస్సులో నన్ను గిల్లుతూనే ఉంది. గిల్లి గిల్లి, చివరికి మెల్లగా చెప్పింది.

"పిల్లలు పండుకున్నంత సేపే నేను నాకు దొరుకుత చెల్లె. ఇంక దేంతోని కొలవాలె?"

నా కోతి పనులు ఆ ఇంట్లో అందరూ భరించారు, నవ్వింది మాత్రం ఆమె ఒక్కతే. ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే బొటనవేలి నుంచి తాడు విప్పి, పక్కన గురక పెడుతున్న బావ కాలికి కట్టాను. తొట్టెలలో పిల్ల దొర్లినప్పుడల్లా ఆయన కాలు లేచి పడేది. మా అత్త చూసి, కొడుకుకు గాలి సోకిందని నిమ్మకాయ కోసం పరుగెత్తింది. అక్క లేచి, సంగతి గ్రహించి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతూ తాడు విప్పుకుని మళ్లీ తన కాలికి కట్టుకున్నది. నేను ఏది చెడగొట్టినా ఆమె కనిపెట్టేది, కోతి అనేది, బాగుచేసుకునేది. ఆమె బాగుచేసుకుంటుందన్న ధైర్యంతోనే నేను అన్నీ చేసేదాన్ని.

నాకు పిల్లలు కలగలేదు. ఆ మాట నా ముందు ఎవరైనా ఎత్తితే అక్క మాట మార్చేది. చిన్నది పుట్టినప్పుడు పురిటి స్నానం అయిన రోజే దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, మూత్రం పోస్తే నీదే పోయకపోతే నాది అన్నది. పోసింది.

ఎనభైల నడుమ ఒక ఏడు చేనేత సంఘం సెక్రటరీ ఇంటికి వచ్చాడు. దసరాకు హైదరాబాదులో చీరల ఎగ్జిబిషన్ ఉందని, అందరూ పంపే చిలకలు, ఏనుగులు కాకుండా కొత్తది కావాలని బావను అడిగాడు. బావ నేల చూశాడు. అక్క లోపలి నుంచి ఒక కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. కౌజు పిట్టలు. మా చేలల్లో, తుమ్మ పొదల కింద, మనిషి అడుగు వినిపిస్తే వరుస కట్టి గబగబా నడిచిపోయే పిట్టలు. ఎవరూ వాటిని చీర మీదికి తేలేదు, చూడడానికి మట్టి రంగు తప్ప ఏమీ ఉండదు కాబట్టి. ఆమె కాగితం మీద తల్లి పిట్ట ముందు నడుస్తున్నది, పిల్లలు వెనక. తల్లి మెడ మాత్రం వెనక్కి తిరిగి ఉంది. ఆ మెడ తిప్పడానికి ఆమె నాలుగు గడులే వాడింది. సెక్రటరీ చాలాసేపు చూసి, ఇది నువ్వు గీసిందా అని బావను అడగలేదు. నేరుగా ఆమెనే అడిగాడు. ఆమె తల ఊపింది.

ఈ చీరలు బాగా వస్తే, సంఘం ఆఫీసులో ఆమెకు ఒక బల్ల వేస్తామన్నాడు. బల్ల, కుర్చీ, కిటికీ పక్కన చోటు, కాగితాల కింద ఆమె పేరు. మా ఊళ్లో ఆడమనిషికి అట్లాంటి బల్ల ఎవరూ వేయలేదు.

ఆయన వెళ్లిన తర్వాత ఇంట్లో పంచాయితీ మొదలైంది. పొద్దున పోయి పొద్దుగూకి వస్తే పిల్లలను ఎవరు చూస్తారని బావ. చెల్లె ఉంది కదా అన్నది అక్క. నన్ను అడగలేదు. అడగాల్సిన పని ఉందని ఆమెకు తోచలేదు. అత్త మాత్రం ఆకులో సున్నం రాస్తూ తన మాట తాను అన్నది.

"ముగ్గురు పిల్లల తల్లికి బల్లెందుకే? కుర్సీల కూసోని కాళ్లు ఊపనీకా?"

"అవునత్తా. కాలికి తాడు లేకుంట ఒక్కసారన్న ఊపాలని ఉన్నది."

అత్తకు జవాబు చెప్పడం ఆమె నోటి వెంట నేను విన్నది అదొక్కసారే. మళ్లీ వినలేదు.

కౌజు పిట్టల అసలు కాగితం ముప్పై ఒక్క నిద్రల్లో పూర్తయింది. పూర్తయిన రోజు దాన్ని పిండి డబ్బా మీద పెట్టి, చెరువు దాకా బట్టలు ఉతకడానికి పోయింది. మర్నాడు పొద్దున లేచిన తర్వాత మళ్లీ ఒకసారి గడి గడి సరిచూసుకుని బావకు ఇస్తానన్నది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నేను, చిన్నది. చిన్నదానికి అప్పటికి రెండేళ్లు నిండుతున్నాయి. అది నిద్ర లేచి, ఎక్కడి నుంచో ముక్క పెన్సిలు దొరికించుకుని, డబ్బా దగ్గర గొంతుక్కూర్చుని, కింది పెదవి బయటపెట్టి, తల్లి చేసినట్టే కాగితం మీద గాలి ఊది, తల్లి పిట్ట కడుపు కింద మూడు గడులు నింపింది. ఒకదాని కింద ఒకటి.

సాయంత్రానికి రెండో పిల్లవాడికి జ్వరం వచ్చి కళ్లు తేలేశాడు. అక్క వాణ్ణి భుజాన వేసుకుని కట్టుబట్టలతో మోత్కూరు పోయింది, అక్కడి నుంచి నల్లగొండ పంపారు. వాడు కోలుకుని వాళ్లు తిరిగి వచ్చేసరికి పన్నెండు రోజులయింది. ఎగ్జిబిషన్ ఆగదు కదా. సరిచూసే మనిషి లేకుండానే బావ కాగితం తెచ్చి ఇచ్చాడు. అత్త, నేను కూర్చుని నూలు కట్టాం. కాగితాన్ని మడతపెట్టి ఒక్కొక్క వరుస మాత్రమే బయట కనిపించేటట్టు పెట్టుకుంటాం, కళ్లు వరుస తప్పకుండా. కట్టేవాళ్లకు పిట్ట కనిపించదు. నిండిన గడి, ఖాళీ గడి, అంతే. అక్క వచ్చేనాటికి నూలు రంగు దాటి తీగ మీద ఆరుతున్నది. ఆమె తడి నూలును తాకి, పిల్లవాణ్ణి పడుకోబెట్టి, అట్లాగే గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయింది.

బావ నేయడం మొదలుపెట్టిన రోజు ఆమె మగ్గం గుంట పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ముందు తల్లి పిట్ట వీపు వచ్చింది. తర్వాత తిరిగిన మెడ. ఆ మెడ చూసి బావ చెయ్యి ఆపి ఆమె ముఖం చూశాడు, మెచ్చుకోలుగా. ఆ చూపు ఆమెకు పెళ్లయిన తర్వాత మొదటిసారి దొరికి ఉంటుంది. ఇంకా నేశాడు. ఒక కాలు వచ్చింది. రెండో కాలు వచ్చింది. మధ్యలో మూడో కాలు వచ్చింది. పొట్టిగా, లావుగా, కడుపు కింద కొయ్యగుంజ లాగా.

బావ మగ్గం ఆపేశాడు. అక్క లేచి కాగితం తెచ్చింది. ఆమె గడి నింపితే సన్నటి ఏటవాలు గీతలతో నింపేది, లోపల తెలుపు కొంచెం కనిపించేది. ఆ మూడు మాత్రం నల్లగా, ఒత్తి, మొద్దుగా ఉన్నాయి.

"గిది నా చెయ్యి గాదు," అన్నది.

"మరెవలది? పిట్టకు మూడు కాళ్లు ఎవలు వెట్టిన్రు?" అన్నది అత్త.

నేను చెప్పాను. చిన్నది పెన్సిలు పట్టుకుని కాగితం కాడ కూర్చుంటే చూసిన, ఏం చేసిందో చూడలేదు, అన్నాను.

అక్క చిన్నదాన్ని కొట్టింది. పిల్లల మీద చెయ్యి ఎత్తడం ఆమెకు అదే మొదలు, అదే చివర. అది ఏడవడం కూడా మరిచిపోయి తల్లి ముఖంలోకి చూసింది. వెంటనే ఆమె దాన్ని ఎత్తుకుని, ఆ చెంపను తన మెడలో దాచుకుని, వంటింట్లోకి పోయింది.

సెక్రటరీ వచ్చి చీర మడత విప్పి చూశాడు. చెడ్డవాడు కాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమె ఏదైనా అనేదేమో.

"ఇంట్ల చిన్నపిల్లలున్నోళ్లకు గీ పని కుదరదమ్మ. పిల్లలు జర పెద్దగ గానియ్యి, అప్పుడు సూద్దాం."

కిటికీ పక్క బల్ల మరో ఊరి నుంచి వచ్చిన కుర్రవాడికి వేశారు. అతను చిలకలు గీశాడు.

ఏడు చీరల్లో ఆరు ఎక్కడెక్కడికో పోయాయి. ఒకటి అక్క కట్టుకున్నది. ఆ చీర కట్టుకుని గిన్నెలు తోమింది, పిడకలు చేసింది, చినిగేదాకా కట్టింది. మిగిలిన గళ్ల కాగితాలను పిల్లల పుస్తకాలకు అట్టలు వేసింది. మా పిల్లల తెలుగు వాచకం, లెక్కల పుస్తకం ఏనుగులతో, పువ్వులతో బడికి పోయాయి, బడిలో నలిగిపోయాయి. నేను ఊరుకోలేక, ఒక్కటన్నా దాచుకో అక్కా అన్నాను. పిండి కలుపుతూనే చెప్పింది.

"చిన్నదాని తప్పేం లేదు చెల్లె. కండ్లు పిల్ల మీద ఉండాల్సింది, నేను పిట్టల మీద వెట్టిన."

ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆమె నూలు చుట్టింది, అంతే. మా దగ్గర నూలు చుట్టే చట్రం ముందు కూర్చుంటే ఒక చీరకే చేయిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. మా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, ఎముకలు ముందే బిగుసుకుపోతాయి. ముప్పై అయిదేళ్లకు ఆమె కుడి భుజం పైకి లేవడం మానేసింది. జడ నేను వేసేదాన్ని. పిల్లలు మధ్యాహ్నం పడుకునే వయసు దాటిపోయారు. ఇంట్లో ఎవరూ ఏదీ నిద్రలతో కొలవలేదు.

అత్త ఆ సంగతిని నవ్వులాట చేసింది. చిన్నది అన్నం పారబోస్తే, మూడు కాళ్లదానివి కాదే నువ్వు అనేది. చుట్టాలు వచ్చినప్పుడు ఆ కథ చెప్పి, తల్లి బల్ల మీద కూర్చోకుండా చేసిన పిల్ల ఇదే అని చూపించేది. అందరూ నవ్వేవారు. ఇంట్లో నవ్వు పుట్టించడం నా పని కాబట్టి, నేను కూడా దానికి ఒకటి రెండు కలిపి చెప్పేదాన్ని. పిట్టకు కర్ర ఇచ్చిందమ్మా, ముసలిది కదా, అనేదాన్ని. చిన్నది మొదట్లో మాతోపాటు నవ్వేది. ఏ ఏడు నుంచి నవ్వడం మానేసిందో గుర్తులేదు.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు. చిన్నది ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అక్క ఎవరికీ చెప్పకుండా ఉతికిన చీర కట్టుకుని సంఘం ఆఫీసుకు పోయింది. నన్ను తోడు తీసుకుపోయింది. అదే సెక్రటరీ, జుట్టు తెల్లబడింది. పిల్లలు పెద్దగయిన్రు సారూ అన్నది. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమైన తర్వాత చాలా బాధపడ్డాడు పాపం. డిజైన్లు ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటర్‌లో చేస్తున్నారని, అచ్చు వేసిన కాగితాలు బస్సులో వస్తాయని, గీసేవాళ్లతో పని లేదని చెప్పాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. ఆమె చాయ్ తాగింది. బయటికి వచ్చి, అల్లం వేయలేదు అన్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పోయిన నెల కడుపులో గడ్డ అని నల్లగొండ దవాఖానలో చేర్చాం. అప్పటికే ఆలస్యమైందన్నారు. చివరి మూడు రోజులు పగలు నేనే ఉన్నాను. వార్డు నేల నిండా చదరం బండలు. ఆమె మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఆ బండలనే చూసేది. కళ్లతో ఏదో లెక్క. రెండో రోజు నాకు చెప్పింది, ఆ కిటికీ కింద నాలుగు బండలు నల్లగా చేస్తే మెడ తిరుగుతుంది, మంచం కోడు దగ్గర రెండు వదిలేస్తే రెక్క లేస్తుందని. ఆయా తడిగుడ్డతో ఆ బండల మీదుగా తుడుచుకుంటూ పోతుంటే, తొందరపడకు అన్నట్టు చెయ్యి ఎత్తబోయింది. భుజం లేవలేదు. పద్నాలుగేళ్లు గీయని మనిషి లోపల గీయడం ఎక్కడా ఆగలేదని నాకు అప్పుడు తెలిసింది. ఇంతకంటే ఘోరమైనది నేను జీవితంలో చూడలేదు.

మూడో రోజు నా చెయ్యి పట్టుకుంది.

"చిన్నదానికి చెప్పు చెల్లె. నాకు కోపం లేదు, ఎన్నడు లేకుండె. నేను చెప్తె ఏడుస్తది. నువ్వయితె నవ్విచ్చుకుంట చెప్తవు."

చెప్తా అన్నాను.

పదకొండో రోజు చుట్టాలందరూ పోయిన తర్వాత చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట చెప్పాను. నవ్వించలేకపోయాను. అంతకు ముందు ఏడు దాని బడిలో డ్రాయింగు సారు ఇంటికి వచ్చి, ఈ పిల్ల చెయ్యి మామూలు చెయ్యి కాదు, పరీక్షకు కట్టిస్తానని చెప్పి వెళ్లాడు. చిన్నది ఒప్పుకోలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నాకు చెప్పింది. రెండు అరచేతులూ తెరిచి వాటినే చూస్తూ చెప్పింది.

"అమ్మ గీసుడు బంద్ చేసిన చెయ్యి గిది చిన్నమ్మా. గీ చెయ్యితోని నేనెట్ల గీయాలె?"

ఆ మాట విన్న తర్వాత కలం పట్టుకున్నాను. రాసింది చదువుకున్నాను. ఇందులో ఒక్కటి తప్ప అన్నీ జరిగినవే. ఆ ఒక్కటి నేను కల్పించినది.

చిన్నది ఆ మధ్యాహ్నం కాగితం దగ్గరికి రాలేదు. ముక్క పెన్సిలు, బయటపెట్టిన పెదవి, గాలి ఊదడం, అన్నీ నావే. పద్నాలుగేళ్లు చెప్పీ చెప్పీ నాకే నిజంగా చూసినట్టు కనిపిస్తాయి. ఆ మూడు గడులు నింపింది నేను. అక్క పొద్దున సరిచూస్తుంది, కోతి అంటుంది, తుడిచేసి నవ్వుతుంది అనుకున్నాను. పిల్లవాడికి జ్వరం వస్తుందని నాకు తెలియదు. కానీ నూలు కట్టడానికి కూర్చున్నప్పుడు తెలుసు. ఆ వరుసల దగ్గరికి వచ్చినప్పుడు పట్టీ బిగించింది అత్త కాదు, నేనే. అత్తతో ఒక్క మాట అంటే సరిపోయేది. అక్కకు పిల్లలున్నారు, పిట్టలున్నాయి, ఇక బల్ల కూడా రాబోతున్నది, ఆ పిల్లల ముక్కులు తుడుస్తూ ఇంట్లో ఉండేది నేను. ఇది మనసులో అనుకునే నోరు మూసుకున్నానా అంటే, లేదని చెప్పే ధైర్యం నాకు లేదు. దవాఖానలో మూడు రోజులు ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. అప్పుడు కూడా చెప్పలేదు.

బిడ్డా, ఈ రాత నువ్వు చదువుతావు. ఆ మధ్యాహ్నం నువ్వు నా తొడ మీద తల పెట్టుకుని పడుకున్నావు. నేను పెన్సిలు ఒత్తి నింపుతుంటే మోచెయ్యి తగిలి ఒకసారి కదిలావు. తర్వాత రెండు చేతులూ పిడికిళ్లు చేసి గడ్డం కింద పెట్టుకుని మళ్లీ నిద్రపోయావు.